ఫోటో ఎడిటింగ్‌కి రెండో మానిటర్: ముందు ఏ స్క్రీన్‌ని నమ్మాలో తేల్చుకోండి

రెండో మానిటర్ తెచ్చి, కేబుల్ పెట్టి ఆన్ చేయగానే దాదాపు అందరికీ ఎదురయ్యేది ఒకటే. అదే ఫోటో రెండు స్క్రీన్ల మీద రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకదాంట్లో మొహం కాస్త ఎర్రగా, ఇంకోదాంట్లో పసుపుగా ఉంటుంది. ఇక టెన్షన్ మొదలు. మానిటర్ మెనూలోకి వెళ్లి ఎరుపు తగ్గించడం, నీలం పెంచడం, మళ్లీ వెనక్కి పెట్టడం, ఇలా రెండు మూడు గంటలు పోతాయి. చివరికి రెండూ ఒకేలా ఉండవు, పైగా మొదట్లో సరిగా ఉన్నది కూడా పాడవుతుంది.

అందుకే ముందే చెప్తున్నా, రెండింటినీ సమానంగా చూడొద్దు. ఒకటి ఫోటో చూసే స్క్రీన్. రంగు, వెలుగు, స్కిన్ టోన్ ఏం తేల్చాలన్నా దాని మీదే తేల్చాలి. రెండోది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టూల్స్ ఉండే ప్యానెళ్లకి, ఫోల్డర్లకి, థంబ్‌నెయిల్స్‌కి, మెయిల్‌కి. ఇది ఒక్కసారి ఒప్పుకుంటే కొనడం నుంచి సెట్టింగ్స్ దాకా మిగతా నిర్ణయాలు చాలా తేలికవుతాయి.

నాకిది ఆలస్యంగా తెలిసింది. మొదట్లో లాప్‌టాప్ పక్కన పెద్ద మానిటర్ పెట్టుకుని, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బ్రైట్‌నెస్ అలాగే ఉంచి, ఒక ఆల్బమ్ మొత్తం ఎడిట్ చేశాను. ప్రింట్లు వచ్చాక చూస్తే నీడలన్నీ నల్లగా మూసుకుపోయాయి, జుట్టులో వివరం లేదు. ల్యాబ్ వాళ్లు పాడుచేశారనుకున్నా. తీరా చూస్తే స్క్రీన్ అంత వెలుగుగా ఉండడం వల్ల ఫోటోలు నాకు బాగా కనిపించాయి కానీ, ఫైల్‌లో అవి నిజంగానే చీకటిగా ఉన్నాయి. ఆల్బమ్ మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఇంకా కొనకపోతే

మానిటర్ లోపలి తెరని కూడా ప్యానెల్ అనే అంటారు, అది ఐపీఎస్, టీఎన్, వీఏ అని మూడు రకాలుగా దొరుకుతుంది. మీది ఐపీఎస్ అయి ఉండాలి. టీఎన్ ప్యానెల్ అయితే తల కొంచెం కిందకి దించినా రంగు మారిపోతుంది, ఫోటో పనికి అది అస్సలు కుదరదు. వీఏ ప్యానెల్‌లో నలుపు చాలా బాగుంటుంది, కానీ పక్క నుంచి చూస్తే నీడల్లో తేడా వస్తుంది. పక్కన పెట్టుకునే రెండో మానిటర్‌ని ఎప్పుడూ వాలుగానే చూస్తాం కదా, కాబట్టి టూల్స్ పెట్టుకోవడానికే వాడినా ఐపీఎస్ అయితేనే కళ్లకి హాయి.

తర్వాత చూడాల్సింది ఎస్‌ఆర్‌జీబీ కవరేజ్, అంటే ఫోన్లు, వెబ్ ఎక్కువగా వాడే రంగుల పరిధిలో మానిటర్ ఎంత చూపించగలదో. మీ ఫోటోలు ఎక్కువగా ఫోన్లలో, వెబ్‌లో చూసేవే అయితే ఎస్‌ఆర్‌జీబీని దాదాపు 100 శాతం చూపించే మానిటర్ చాలు. ప్రింట్ పని సీరియస్‌గా చేసేవాళ్లకి అడోబ్ ఆర్‌జీబీ అనే ఇంకా పెద్ద రంగుల పరిధి పనికొస్తుంది, ముఖ్యంగా ఆకుపచ్చలు, నీలిఆకుపచ్చల దగ్గర అది ఇంకాస్త ముందుకి వెళ్తుంది. ఒక్క విషయం జాగ్రత్త. చవక లాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్లలో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని కనిపిస్తుంటుంది, ఎన్‌టీఎస్‌సీ అంటే పాత టీవీల రంగుల పరిధి. అంటే ఎస్‌ఆర్‌జీబీలో సుమారు 60 శాతం దగ్గర అన్నమాట. అలాంటి స్క్రీన్ మీద ఎరుపులు ఎండిపోయినట్టు కనిపిస్తాయి, మీరేమో శాచురేషన్ పెంచుతూ పోతారు. మీ లాప్‌టాప్ అలాంటిదైతే కొత్త మానిటరే మీ ఫోటో స్క్రీన్, లాప్‌టాప్ పక్క స్క్రీన్ అవ్వాలి. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే అది ఎస్‌ఆర్‌జీబీకి దగ్గరగానే ఉంటుంది.

సైజు విషయంలో 27 అంగుళాలకి 2560 x 1440 రిజల్యూషన్ చాలా సుఖంగా ఉంటుంది, అంగుళానికి దాదాపు 109 పిక్సెళ్లు. అదే 27 అంగుళాల్లో 4కె అయితే 163 వస్తుంది. అక్షరాలు అద్భుతంగా కనిపిస్తాయి, కానీ పిక్సెల్ అంత చిన్నగా ఉన్నప్పుడు షార్పెనింగ్ చేస్తే అంచుల్లో వచ్చే తెల్ల గీత కంటికి ఆనదు. తెలియకుండానే ఎక్కువ పెట్టేస్తాం, మామూలు స్క్రీన్ మీద చూసినవాళ్లకి ఫోటో గరుకుగా కనిపిస్తుంది. 4కె వద్దని కాదు, షార్పెనింగ్ చూసుకునేటప్పుడు 200 శాతం జూమ్‌లో కూడా ఒకసారి చూడండి. ఇంకోటి, రెండు మానిటర్ల పిక్సెల్ సాంద్రత మరీ దూరంగా లేకుండా చూసుకోండి. 4కె పక్కన పాత 1080పి పెడితే, ఒక స్క్రీన్ నుంచి ఇంకోదానికి లాగిన ప్రతిసారీ విండో సైజు మారుతుంది, స్కేలింగ్ తేడా వల్ల అక్షరాలు మసకబారుతాయి.

కేబుల్ దగ్గరే సగం సమస్యలు

డెస్క్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే రెండు కేబుళ్లూ ఆ కార్డ్‌కే పెట్టండి. వెనకాల పైన మదర్‌బోర్డ్‌లో ఇంకో పోర్ట్ కనిపిస్తుంది, తొందరలో దాంట్లో పెట్టేస్తే సిగ్నలే రాకపోవచ్చు, వచ్చినా పని నెమ్మదిస్తుంది. లాప్‌టాప్‌లో యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్నంత మాత్రాన అది వీడియో పంపుతుందని గ్యారంటీ లేదు. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందేమో చూడండి, లేదా మీ మోడల్ మాన్యువల్ తీయండి. ఎం1, ఎం2 అని ఉన్న మామూలు చిప్ మ్యాక్‌బుక్‌లు నేరుగా ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతాయి, రెండు బయటివి కావాలనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

4కె మానిటర్ పెట్టాక మౌస్ బరువుగా, ఈడ్చుకుంటున్నట్టు కదులుతోందా? అయితే అది 30 హెర్ట్జ్‌లో నడుస్తోంది. హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కెకి అంతకంటే రాదు. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ, ఆ పైవి గానీ రెండు వైపులా ఉండాలి, కేబుల్ కూడా దానికి తగ్గదే ఉండాలి. చాయిస్ ఉంటే నేను డిస్‌ప్లేపోర్ట్ వైపే వెళ్తాను. కారణం ఉంది: హెచ్‌డీఎంఐలో కొన్నిసార్లు గ్రాఫిక్స్ కార్డ్ మానిటర్‌ని టీవీ అనుకుని, 0 నుంచి 255 దాకా పంపాల్సిన వెలుగుని 16 నుంచి 235 మధ్యకే కుదిస్తుంది. నలుపు బూడిదలా, ఫోటో మొత్తం పలచగా కనిపిస్తుంది. అలా ఉంటే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ని "ఫుల్"కి మార్చండి, ఏఎమ్‌డీ అయితే పిక్సెల్ ఫార్మాట్ దగ్గర ఆర్‌జీబీ ఫుల్ అని ఉంటుంది. ఇది చూసుకోకుండా కాలిబ్రేషన్‌కి, అంటే పరికరంతో కొలిచి స్క్రీన్ రంగులు సరిచేసే పనికి వెళ్తే ఆ శ్రమంతా వృథా.

విండోస్, మ్యాక్‌లో అమర్చడం

విండోస్‌లో విండోస్ కీ, పి కలిపి నొక్కి "ఎక్స్‌టెండ్" ఎంచుకోండి. "డూప్లికేట్" వద్దు, అది రెండింటి మీదా ఒకే బొమ్మ చూపిస్తుంది. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లేకి వెళ్లి "ఐడెంటిఫై" నొక్కితే ఏది 1, ఏది 2 అని స్క్రీన్ల మీద అంకెలు వస్తాయి. టేబుల్ మీద ఉన్నట్టుగానే ఆ బాక్సుల్ని ఎడమ కుడి లాగి పెట్టండి, పై అంచులు కలిసేలా చూస్తే మౌస్ మధ్యలో ఇరుక్కోదు. ఫోటో స్క్రీన్‌ని మెయిన్ డిస్‌ప్లే చేయండి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, డిస్‌ప్లేస్, అరేంజ్ దగ్గర ఇదే పని. రెండు చోట్లా రిజల్యూషన్ మానిటర్‌కి సహజంగా ఉన్నదే పెట్టాలి, అక్షరాలు చిన్నగా ఉంటే రిజల్యూషన్ తగ్గించకుండా స్కేల్ పెంచండి.

ఇప్పుడు ఆపేయాల్సినవి ఆపేయండి. విండోస్ నైట్ లైట్, మ్యాక్‌లో నైట్ షిఫ్ట్, ట్రూ టోన్, ఆటో బ్రైట్‌నెస్. లాప్‌టాప్‌లో బ్రైట్‌నెస్ పక్కన ఉన్న బాణం గుర్తు నొక్కితే, తెర మీది బొమ్మని బట్టి బ్రైట్‌నెస్ మార్చే ఆప్షన్ కొన్ని మోడళ్లలో ఉంటుంది, అది కూడా. చీకటి ఫోటో తెరవగానే స్క్రీన్ దానంతట అదే మారుతోందంటే కారణం చాలాసార్లు అదే. మామూలు ఫోటోల పనికి హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాని పెంచి చూపించే మోడ్) ఆఫ్‌లో ఉంచండి. మానిటర్ సొంత మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఈకో, బ్లూ లైట్ తగ్గించేది, వివిడ్, సినిమా, గేమ్, ఇలాంటివేవీ వద్దు. స్టాండర్డ్ గానీ యూజర్ గానీ పెట్టి, కాంట్రాస్ట్‌ని, షార్ప్‌నెస్‌ని ఫ్యాక్టరీలో ఉన్నట్టే వదిలేయండి.

కాలిబ్రేషన్, అసలు పని ఇక్కడే

కంటితో రంగులు సరిచేయడం కుదరదు. మన కన్ను అలవాటుపడిపోతుంది: పసుపు బల్బు కింద తెల్ల కాగితాన్ని తెల్లగానే చూస్తాం, స్క్రీన్ నీలంగా ఉన్నా పది నిమిషాల్లో అదే తెలుపు అనిపిస్తుంది. అందుకే కొలిచే పరికరం కావాలి. డేటాకలర్ వాళ్ల స్పైడర్, కాలిబ్రైట్ వాళ్ల పరికరాలు ఎక్కువమంది వాడేవి. కొనలేకపోతే తెలిసిన ఫోటోగ్రాఫర్ దగ్గర ఒక రోజుకి అడిగి తెచ్చుకున్నా చాలు. దానితో రోజూ పని ఉండదు కాబట్టి అడిగితే చాలామంది ఇస్తారు.

మానిటర్ ఆన్ చేసి కనీసం అరగంట అయ్యాక మొదలుపెట్టండి, వేడెక్కేదాకా వెలుగు, రంగు నిలకడగా ఉండవు. సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు వైట్ పాయింట్ (తెలుపు ఎలా ఉండాలన్నది) డి65, అంటే 6500 కెల్విన్ దగ్గర, గామా (నలుపు నుంచి తెలుపు దాకా మధ్య టోన్లు ఎంత వెలుగుగా ఉండాలన్నది) 2.2 అని ఇవ్వండి. బ్రైట్‌నెస్ వెబ్ పనికి చదరపు మీటరుకి 100 నుంచి 120 కాండెలాలు, ప్రింట్ ఎక్కువైతే, గది కాస్త చీకటిగా ఉంటే 80 నుంచి 100. ఈ అంకె చూసి భయపడకండి, చాలా మానిటర్లు ఫ్యాక్టరీ నుంచి 250, 300 దగ్గర వస్తాయి కాబట్టి మొదట్లో స్క్రీన్ చచ్చుగా అనిపిస్తుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది, ప్రింట్లు చీకటిగా రావడం చాలావరకు తగ్గుతుంది. బ్రైట్‌నెస్‌ని మానిటర్ బటన్లతోనే తగ్గించండి, సాఫ్ట్‌వేర్‌తో కాదు.

సెన్సర్ స్క్రీన్‌కి ఆనుకుని ఉండాలి, మధ్యలోకి గది వెలుగు దూరకూడదు. మానిటర్‌ని కొంచెం వెనక్కి వాలిస్తే అది దానంతట అదే అతుక్కున్నట్టు కూర్చుంటుంది. కొన్ని నిమిషాలు రంగు పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి చూపించి, చివర్లో ఐసీసీ ప్రొఫైల్, అంటే ఆ స్క్రీన్ రంగులు ఎలా చూపిస్తుందో కంప్యూటర్‌కి చెప్పే ఫైల్ ఒకటి తయారుచేస్తుంది. రెండో మానిటర్‌కి మళ్లీ మొదటి నుంచి విడిగా చేయాలి. ఒకదాని ప్రొఫైల్ ఇంకోదానికి పెట్టడం, ప్రొఫైల్ లేకుండా వదిలేయడం కంటే కూడా చెడ్డది. విండోస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, పైన ఒక్కో మానిటర్‌ని ఎంచుకుని, "యూజ్ మై సెట్టింగ్స్ ఫర్ దిస్ డివైస్" టిక్ చేసి, ఏ ప్రొఫైల్ దేనికి డిఫాల్ట్‌గా ఉందో మీ కళ్లతో చూసుకోండి. ఫైల్ పేరులో మానిటర్ పేరు, తేదీ పెట్టుకుంటే తికమక ఉండదు. ప్రొఫైల్ మార్చాక ఫోటోషాప్‌ని, లైట్‌రూమ్‌ని మూసి మళ్లీ తెరవండి. నెలకో, రెండు నెలలకో ఒకసారి మళ్లీ కొలవండి.

ఇంత చేశాక కూడా రెండు స్క్రీన్ల మీద తెలుపు వేర్వేరుగా కనిపించొచ్చు. అది మీ తప్పు కాదు, పరికరం తప్పూ కాదు. వెనకాల వెలిగే ఎల్‌ఈడీ రకాలు వేరైతే, ముఖ్యంగా ఒకటి మామూలు మానిటర్, ఇంకోటి వైడ్ గామట్ (ఎస్‌ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు చూపించేది) అయితే, పరికరం రెండింటికీ ఒకే అంకె చెప్పినా కంటికి తేడా తెలుస్తుంది. అప్పుడు ఫోటో స్క్రీన్‌ని కదపొద్దు. పక్కదాని వైట్ పాయింట్‌ని కంటికి దగ్గరగా కనిపించేదాకా కొద్దికొద్దిగా మార్చి, ఆ తెలుపుతో దాన్ని మళ్లీ ప్రొఫైల్ చేయండి. కొంచెం తేడా మిగిలినా పర్లేదు, దాని మీద మనం రంగులు తేల్చడం లేదు.

పరికరం దొరికే మార్గమే లేదా? మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటే అది పెట్టి, పక్కన తెల్ల కాగితం పట్టుకుని, స్క్రీన్ మీది తెలుపు ఆ కాగితం కంటే దీపంలా వెలగకుండా ఉండేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. కొన్ని మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చనివ్వరు, అలాంటప్పుడు యూజర్ మోడ్‌లో 6500 కెల్విన్ ఎంచుకోండి. ఆర్‌జీబీ నంబర్లని మాత్రం కంటితో ముట్టుకోవద్దు.

పక్క స్క్రీన్ ఫోటోని ఎలా పాడుచేస్తుందంటే

ఈ సంగతి గురించి చాలామంది ఆలోచించరు. మన కన్ను ఎదురుగా ఉన్న వాటిలో అన్నిటికంటే వెలుగైన తెలుపుకి సర్దుకుంటుంది. పక్క స్క్రీన్ మీద తెల్లటి వెబ్ పేజీ ఫుల్ బ్రైట్‌నెస్‌లో వెలుగుతుంటే, దాని పక్కన మీ ఫోటో చీకటిగా అనిపిస్తుంది, చెయ్యి ఎక్స్‌పోజర్ స్లైడర్ మీదకి వెళ్తుంది. మర్నాడు ఆ పేజీ లేకుండా చూస్తే ఫోటో మరీ తెల్లగా వెలిసిపోయి ఉంటుంది. కాబట్టి పక్క స్క్రీన్ బ్రైట్‌నెస్ ఎప్పుడూ ఫోటో స్క్రీన్ కంటే కొంచెం తక్కువే ఉండాలి. బ్రౌజర్‌ని డార్క్ మోడ్‌లో పెట్టండి, రెండింటి వాల్‌పేపర్ మామూలు బూడిద రంగు. రంగురంగుల వాల్‌పేపర్ పక్కన స్కిన్ టోన్ ఎవరూ సరిగా చూడలేరు.

గదికీ ఇదే వర్తిస్తుంది. కిటికీ మానిటర్ వెనకా వద్దు, స్క్రీన్‌లో ప్రతిబింబించేలా మీ వెనకా వద్దు, పక్క నుంచి ఉంటే మేలు, కర్టెన్ ఉంటే ఇంకా మేలు. పసుపు బల్బు తీసేసి 5000 నుంచి 6500 కెల్విన్ మధ్యలో, సీఆర్‌ఐ (దాని వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్న ల్యాంప్ పెట్టి, వెలుగు స్క్రీన్ మీద పడకుండా గోడ వైపు తిప్పండి. ముదురు ఎర్ర చొక్కా వేసుకుని కూర్చుంటే ఆ ఎరుపు కూడా స్క్రీన్ మీద పడుతుంది.

కూర్చునే తీరు: ఫోటో స్క్రీన్ సరిగ్గా ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, పై అంచు కంటి ఎత్తులోనో కాస్త కిందో ఉండాలి. పక్కది దాన్ని ఆనుకుని మీ వైపు కొంచెం తిరిగి ఉండాలి. రెండింటి మధ్య అతుకు మీ ముక్కుకి ఎదురుగా వచ్చేలా పెడితే రోజంతా మెడ ఏదో ఒక వైపు తిరిగే ఉంటుంది, సాయంత్రానికి నొప్పి. మానిటర్ ఆర్మ్ కొంటుంటే వెనకాల స్క్రూల మధ్య దూరం 75 మిల్లీమీటర్లా, 100 మిల్లీమీటర్లా అని కొలిచి, బరువు కూడా చూసుకోండి. పక్క స్క్రీన్‌ని నిలువుగా తిప్పితే లేయర్లు, హిస్టరీ పొడుగ్గా భలే సరిపోతాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ ఏది

లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఎఫ్11 నొక్కితే (మ్యాక్‌లో కమాండ్ కూడా పట్టుకుని) రెండో విండో వస్తుంది. దాన్ని పక్క స్క్రీన్ మీద గ్రిడ్‌లో పెట్టండి, షిఫ్ట్ జి. ఇక కింద ఉండే ఫిల్మ్‌స్ట్రిప్‌ని ఎఫ్6తో దాచేయొచ్చు, డెవలప్‌లో ఫోటోకి ఆ జాగా మొత్తం దొరుకుతుంది. వందల ఫోటోల్లోంచి ఏరేటప్పుడు దీన్నే తిప్పి వాడండి: గ్రిడ్ ఎదురుగా, పక్కన లూప్ (ఒకే ఫోటో పెద్దగా కనిపించే వ్యూ), షిఫ్ట్ ఇ. ఫోకస్ కుదిరిందా లేదా అని చూడడానికి పక్క స్క్రీన్ సరిపోతుంది. కానీ ఒక ఫోటో రంగుని ఇంకోదానికి కలపాలంటే మాత్రం ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పెట్టి చూడొద్దు. డెవలప్‌లో షిఫ్ట్ ఆర్ నొక్కితే రిఫరెన్స్ వ్యూ వస్తుంది, రెండు ఫోటోలూ ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన ఉంటాయి.

ఫోటోషాప్‌లో లేయర్స్, హిస్టరీ, అడ్జస్ట్‌మెంట్స్ ప్యానెళ్లని లాగి పక్క స్క్రీన్ మీద పడేసి, విండో మెనూలో వర్క్‌స్పేస్, న్యూ వర్క్‌స్పేస్ అని సేవ్ చేసుకోండి. లాప్‌టాప్ తీసుకెళ్లి మళ్లీ తెచ్చి పెట్టినప్పుడు ప్యానెళ్లు చెల్లాచెదురైతే ఒక్క క్లిక్‌తో తిరిగొస్తాయి. రీటచింగ్ చేసేవాళ్లకి ఇంకో మంచి ఏర్పాటు ఉంది. విండో మెనూలో అరేంజ్ కింద "న్యూ విండో" అని ఆ ఫైల్ పేరుతో ఉంటుంది, అది నొక్కితే అదే ఫైల్ రెండో విండోలో తెరుచుకుంటుంది. ఒకదాంట్లో 100 శాతం జూమ్‌లో చర్మం సరిచేస్తుంటే, పక్క స్క్రీన్ మీద మొత్తం మొహం కనిపిస్తూ ఉంటుంది. ఎక్కడ అతి చేస్తున్నామో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఒకే విండో సగం ఇటు, సగం అటు పడేలా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, రెండు ప్రొఫైళ్లలో ఒకటే వర్తించి ఒక వైపు రంగు తప్పుగా వస్తుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి: డార్క్‌టేబుల్‌లో డార్క్‌రూమ్ కింది వైపు రెండో విండో బటన్ ఉంది. జింప్‌లో విండోస్ మెనూలో సింగిల్ విండో మోడ్ టిక్ తీసేస్తే ప్యానెళ్లు విడిపోతాయి.

అంతా అయ్యాక నలుపు నుంచి తెలుపు దాకా వెళ్లే బూడిద పట్టీ ఒకటి తయారుచేసి ఫోటో స్క్రీన్ మీద చూడండి. మధ్యలో ఎక్కడా ఆకుపచ్చ, గులాబీ ఛాయ కనిపించకూడదు, చివరి చీకటి గడులు ఒకదాని నుంచి ఒకటి లీలగానైనా విడిగా తెలియాలి. తర్వాత మీకు బాగా తెలిసిన మొహం ఉన్న ఫోటో ఒకటి, నీడలు ఎక్కువున్నది ఒకటి తీసుకుని చిన్న సైజులో ప్రింట్ వేయించండి, ల్యాబ్ వాళ్లకి ఆటో కరెక్షన్ చేయొద్దని చెప్పండి. ఆ రెండు ప్రింట్లని మంచి వెలుగులో పట్టుకుని ఫోటో స్క్రీన్‌తో పోల్చండి. ప్రింట్ ఇంకా చీకటిగా ఉంటే బ్రైట్‌నెస్ టార్గెట్‌ని 10 కాండెలాలు తగ్గించి మళ్లీ కాలిబ్రేట్ చేయండి. సరిపోతే ఆ ప్రింట్లని డ్రాయర్‌లో దాచండి, వచ్చే నెల కొలిచాక మళ్లీ వాటితోనే పోల్చుకోవచ్చు.